ఇల్లిచ్చారా? పొయ్యిచ్చారా?

మే నెల మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఏ ఎస్సీ కాలనీకైనా పోయి చూడండి. తలుపులు బార్లా తీసుంటాయి, లోపల ఫాన్లు తిరుగుతుంటాయి, మనుషులు మాత్రం ఉండరు. చర్చి గోడ నీడన ఉంటారు, వేపచెట్టు కింద ఉంటారు, నీళ్ల ట్యాంకు కాళ్ల మధ్య మంచాలేసుకుని ఉంటారు. ముసలాళ్లు, బాలింతలు, రాత్రి డ్యూటీ చేసొచ్చిన కుర్రాళ్లు, అందరూ అక్కడే. సర్కారు లెక్కలో వాళ్లందరికీ పక్కా ఇళ్లున్నాయి. రాత్రి పదకొండైనా ఆ పక్కా ఇంట్లోకి పోయి పడుకోలేరు. పగలంతా ఎండ తాగిన స్లాబు రాత్రంతా దాన్ని కిందికి కక్కుతుంటది. తెల్లారగట్ల నాలుగింటికి కాస్త చల్లబడేసరికి కూలికి లేచే టైమవుద్ది.

పోయిన ఎండల్లో మేం కృష్ణకి రెండు ఒడ్డులా తిరిగాం. ఈ ఒడ్డున పల్నాడు, ఆ ఒడ్డున నల్లగొండ. రెంటచింతల ఎండ గురించి రేడియోలో వింటూ పెరిగినోళ్లం కాబట్టి ఎండ మాకు కొత్త కాదు. కానీ ఇళ్లలో కూచుని మాట్లాడదామనుకుంటే కూచోలేకపోయాం. పల్నాడులో ఒక కాలనీలో పెద్దమ్మ ఒకామె గుమ్మంలోనే ఆపేసింది. "లోపలికొద్దు నాయనా, మీరు చదువుకున్నోళ్లు, సొమ్మసిల్లి పడిపోతే మాకు మాటొస్తది" అంది. అందరూ నవ్వారు. తర్వాత ఆమే అంది: "అప్పట్లో ఆయనెవరో వచ్చి తాళంచెవి చేతిలో పెట్టి ఫొటో తీయించుకున్నాడు. ఇల్లిచ్చాడో పొయ్యిచ్చాడో నాకిప్పటికీ తెలవట్లా."

ఆ మాటనే మేం ఈ వ్యాసానికి పేరుగా పెట్టాం. ఎందుకంటే ఆ ఇంట్లో ఇంకో వింత ఉంది. ఇల్లంతా పొయ్యిలా కాలుతుంది గానీ, పొయ్యి పెట్టుకోడానికి మాత్రం చోటు లేదు. వంటగది అని గీసినచోట అయిదడుగుల గది, గ్యాసు పెట్టుకునే బండ, చేతి రుమాలంత కిటికీ. పొగ పోయే దారి లేదు. గ్యాసు సిలిండరు ఉంది, దాని మీద గుడ్డ కప్పి బియ్యం డబ్బా పెట్టింది. చుట్టం వస్తే, వాన పడితే గ్యాసు. మిగతా రోజులు వాకిట్లో మూడు రాళ్లు, పత్తి కట్టె, మిరప కట్టె, సర్కారు తుమ్మ కంప. వాకిలి కూడా పాత కాలనీ కాబట్టి ఉంది. సెంటున్నర కాలనీల్లో అదీ లేదు, రోడ్డు మీదే వంట.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. అగ్రకుల పాలకవర్గాలు, ఏ పార్టీ జెండా పట్టుకున్నా సరే, నలభై ఏళ్లుగా మన ఇంటిని ఒక అంకెగానే చూశాయి. ఇన్ని లక్షల ఇళ్లు మంజూరు, ఇన్ని లక్షలు బేస్‌మెంటు, ఇన్ని లక్షలు రూఫ్ లెవెల్. ఇంట్లో మనిషి పడుకోగలడా, అన్నం వండుకోగలదా, బిల్లు కట్టగలరా అన్న గడి ఆ కాగితంలో ఉండదు. ఆ గడి లేకపోవడం వల్ల మన జేబులోంచి ఎంత పోతున్నదో, మన పేరు మీద ఖజానాలోంచి ఎంత పోతున్నదో, అది ఎవరికి చేరుతున్నదో చెప్పడమే మా ఉద్దేశం.

ఇందిరా ఆవాస్ యోజన 1985-86లో మొదలైనప్పుడు అది ఎస్సీ ఎస్టీలకు, విడిపించిన వెట్టి కూలీలకు మాత్రమే. దాని మార్గదర్శకాల్లో ప్రతి ఇంటికీ పొగలేని పొయ్యి ఉండాలని రాశారు. రాశారు సరే, మీ కాలనీలో ఎన్ని పొగలేని పొయ్యిలు చూశారు? మెరుగైన పొయ్యిల కార్యక్రమం అని 1980ల్లో దేశమంతా నడిపారు, 2002లో మూసేశారు. 2016లో పేరు మార్చి ప్రధానమంత్రి ఆవాస్ యోజన అన్నారు. ఇల్లు 20 చదరపు మీటర్ల నుంచి 25కి పెంచారు, ఆ పాతికలోనే శుభ్రంగా వండుకునే చోటు ఉండాలన్నారు. మైదాన ప్రాంతంలో ఇచ్చే సాయం లక్షా ఇరవై వేలు. ఆ డబ్బుకి గోడలు లేస్తాయా, స్లాబు పడుద్దా అని అప్పు చేసే కుటుంబం పొగగొట్టం గురించి ఆలోచిస్తుందా? ఇంజనీరు సారు వచ్చేది స్లాబు పడిందా లేదా ఫొటో తీసుకోడానికి. కిటికీ ఏ దిక్కున పెట్టాలో చెప్పడానికి ఏ ఇంజనీరైనా మాలపల్లెకో మాదిగవాడకో వచ్చాడా? వచ్చినట్టు మేం వినలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబర్ 25న తూర్పు గోదావరి జిల్లా కొమరగిరిలో మొదలుపెట్టి 30 లక్షల దాకా పట్టాలు పంచారు. పల్లెలో సెంటున్నర, పట్నంలో సెంటు. ఇల్లు 340 చదరపు అడుగులు. సెంటున్నర అంటే 72 గజాలు. గోడకి గోడ ఆనుకుని ఇళ్లు. గాలి రావాలంటే ఎదురెదురుగా కిటికీలుండాలి. పక్కింటి గోడలోకి కిటికీ పెట్టుకుంటామా? 2025 జనవరిలో కొత్త ప్రభుత్వం పల్లెలో మూడు సెంట్లు, పట్నంలో రెండు సెంట్లు ఇస్తామని ఉత్తర్వు తెచ్చింది. అంటే సెంటున్నర చాలదని వాళ్లే ఒప్పుకున్నట్టు. మరి ఆ సెంటున్నరలో ఇప్పటికే ఇరుక్కున్నవాళ్ల సంగతి?

తెలంగాణలో 2015లో డబుల్ బెడ్‌రూమ్ అన్నారు, 560 చదరపు అడుగులు. నిజం చెప్పుకోవాలి, ఇల్లు కొంచెం మనిషి ఇల్లులా ఉంది. దొరికింది ఎందరికి అన్నది వేరే గొడవ. 2024 మార్చి 11న భద్రాచలంలో ఇందిరమ్మ ఇళ్లు మళ్లీ మొదలుపెట్టారు, అయిదు లక్షలు, కనీసం 400 చదరపు అడుగులు, వంటగది, మరుగుదొడ్డి. ఈ ఇళ్లు ఇంకా కడుతూనే ఉన్నారు కాబట్టి వీటి దగ్గర మనం ఇంకా మాట్లాడవచ్చు. అందుకే ఈ మాట ఇప్పుడు చెప్తున్నాం.

ఇక చట్టాల సంగతి. 2018 డిసెంబర్‌లో కేంద్రం ఎకో నివాస్ సంహిత అని ఒక కోడు తెచ్చింది. ఇంటి గోడ, కప్పు, కిటికీ ఎంత వేడిని లోపలికి రానివ్వచ్చో లెక్కలు కట్టి రాశారు. మంచి పనే. ఎవరికి వర్తిస్తుందయ్యా అని చూస్తే, 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలంలో కట్టే ఇళ్లకి. అంటే దాదాపు 600 గజాలు, పన్నెండు సెంట్ల పైమాట. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం దేశంలోనే మొదటిదని చెప్పి కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. ఎండని వెనక్కి కొట్టే తెల్ల పూతో, తెల్ల టైలో కప్పుల మీద వెయ్యాలి. సర్కారు భవనాలకీ వ్యాపార భవనాలకీ తప్పనిసరి. సొంత ఇళ్ల దగ్గరికొచ్చేసరికి 600 గజాలు దాటితే తప్పనిసరి, లోపైతే మీ ఇష్టం.

చూశారా, ఢిల్లీ వాళ్లూ హైదరాబాద్ వాళ్లూ వేరువేరుగా కూచుని ఒకే చోట గీత గీశారు. 600 గజాల దగ్గర. ఆ గీతకి అవతల మన కులాల వాళ్లు ఎందరుంటారు?

వాళ్ల వాదన మాకు తెలియక కాదు. పెద్ద ఇళ్లలో ఏసీలుంటాయి, కరెంటు ఎక్కువ కాలుద్ది, అక్కడ ఆదా చేస్తే దేశానికి ఆదా అంటారు. ఇక్కడే పట్టుకోవాలి. ఈ విధానాలు కరెంటుని చూశాయి, ఒంటిని చూళ్లేదు. ఏసీ లేనివాడి ఇంట్లో ఆదా చెయ్యడానికి కరెంటు లేదు కాబట్టి ఆ ఇంటికి చట్టం అక్కర్లేదన్నమాట. చల్లబరుచుకోవడానికి ఏ దారీ లేనివాడి కప్పు ముందు చల్లబడాలా, నాలుగు ఏసీలున్నవాడి కప్పు ముందు చల్లబడాలా? 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకి వెయ్యి మందికి పైగా చచ్చిపోయారు. వాళ్లలో 600 గజాల ఇంటివాళ్లు ఎందరో ఎవరైనా చెప్పండి.

ఇంకో ప్రశ్న. ఇందిరమ్మ ఇంటికి డబ్బు సర్కారుది, కట్టుకునేది లబ్ధిదారుడు. ఇది ఏ ఖాతాలో పడుద్ది? సర్కారు ఇల్లా, సొంత ఇల్లా? సర్కారు ఇల్లయితే తెల్ల పూత తప్పనిసరి. సొంత ఇల్లయితే మీ ఇష్టం. ఈ ఒక్క ప్రశ్న మండలాఫీసులో కాగితం మీద రాసిచ్చి, జవాబు కాగితం మీద రాయించుకురావాలి. నోటిమాట తీసుకురావద్దు.

ఈ పూతకి ఎంతవుతుంది? ఆ విధానం ప్రకటించినప్పుడు మంత్రి చెప్పిన లెక్క చదరపు మీటరుకి 300 రూపాయలు. 400 చదరపు అడుగుల ఇల్లంటే 37 చదరపు మీటర్లు. పదకొండు వేలు. అయిదు లక్షల ఇంటికి నూటికి రెండు రూపాయలు చిల్లర. పనిచేస్తుందా అంటే, 2017లో హైదరాబాద్ దేవరకొండ బస్తీలో 25 పేద ఇళ్ల కప్పుల మీద తెల్లటి పొర పరిచి చూశారు. లోపల సగటున రెండు డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలంటే ఏముందిలే అనుకునేవాళ్లు ఒక రాత్రి స్లాబు కింద పడుకుని చూడాలి.

నల్లగొండ వైపు ఒక కాలనీలో కూచుని ఒక ఇంటి కరెంటు లెక్క వేశాం. రెండు గదులు, రెండు పాత ఫాన్లు. ఒక్కోటి 75 వాట్లు. ఎండాకాలం రాత్రింబగళ్లు తిరుగుతాయి. రోజుకి మూడున్నర యూనిట్లు, నెలకి 108. కిస్తీల మీద తెచ్చిన కూలరు ఒకటి, 180 వాట్లు, రోజుకి పన్నెండు గంటలు తిరిగితే నెలకి 65 యూనిట్లు. చిన్న ఫ్రిజ్ రోజుకొక యూనిట్, నెలకి 30. మొత్తం 203. ఇంకా బల్బులు, టీవీ వెయ్యలేదు. 2024 ఫిబ్రవరి నుంచి తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్లలోపు ఉచితం. రెండొందలు దాటితే? దాటిన మూడు యూనిట్లకి కాదు, మొత్తానికీ బిల్లు. వెయ్యి రూపాయల పైచిలుకు. ఆ ఇంటి ఇల్లాలు అన్నది: "పదకొండు నెలలు ఇచ్చిందంత ఎండకాలం ఒక్క బిల్లుల గుంజుకుంటున్నరన్నా. మీటరు సారుని ముందుగాలనే వచ్చి చదువుకోమని బతిమాలిన."

ఆ నెల వాళ్లింటికొచ్చిన కూలి డబ్బు ఎనిమిది వేలు. ఎండల్లో పనులు తక్కువ. అందులో కరెంటుకి పదకొండు వందలు, సిలిండరుకి అయిదొందలు పోయాయి. అయిదో వంతు. కట్టెలకి పోయిన నాలుగు దినాల కూలి దీంట్లో కలపలేదు. ఆడవాళ్ల కట్టెల మోపుకి కూలి లెక్క మన దేశంలో ఎవరూ కట్టరు కదా.

ఇంగ్లండులో ఈ బాధకి ఒక పేరుంది, ఇంధన పేదరికం అని. అక్కడి బాధ చలి. ఇల్లు వెచ్చగా ఉంచుకోడానికి ఆదాయంలో పదో వంతు పైన ఖర్చుపెట్టాల్సి వచ్చే కుటుంబం ఇంధన పేద కుటుంబం అని బ్రెండా బోర్డ్‌మన్ అనే ఆమె 1991లో పుస్తకం రాసింది. అక్కడి ప్రభుత్వం ఆ లెక్కని చాలాకాలం వాడింది. ఆమె మాటలో మనకి పనికొచ్చేది ఒకటుంది. ఈ పేదరికం చేతిలో డబ్బు పెడితే మాత్రమే పోయేది కాదు, ఇంటిని బాగుచేస్తే పోయేది. ఓటి కుండలో ఎన్ని నీళ్లు పోసినా నిలవవని మన ముసలమ్మలు చెప్పినట్టే. మనది అయిదో వంతు. మనకి బియ్యం కార్డుంది, పింఛను కార్డుంది. ఇంధనానికి లెక్కపుస్తకం లేదు.

గ్యాసు లెక్క కూడా ఇంతే. 1999లో చంద్రబాబు దీపం అన్నాడు, 2016లో మోదీ ఉజ్జ్వల అన్నాడు, 2024లో తెలంగాణలో 500కే సిలిండరు అన్నారు, అదే ఏడాది ఆంధ్రలో ఏడాదికి మూడు ఉచితం అన్నారు. కనెక్షన్లు వచ్చాయి, కాదనం. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 92 ఇళ్లు, ఆంధ్రలో నూటికి 84 ఇళ్లు శుభ్రమైన ఇంధనంతో వండుతున్నాయని వచ్చింది. ఎక్కువగా దేంతో వండుతారని అడిగితే గ్యాసనే చెప్తారు, నిజమే కావచ్చు. కానీ దేశం మొత్తం మీద ఉజ్జ్వల కుటుంబం 2019-20లో నింపించుకున్నది సగటున ఏడాదికి మూడు సిలిండర్లు. 2023-24లో కూడా నాలుగు నిండలేదు. పార్లమెంటులో వాళ్లు చెప్పిన అంకెలే ఇవి. అయిదుగురున్న ఇల్లు పూర్తిగా గ్యాసు మీద బతకాలంటే ఏడెనిమిది కావాలి. మిగతా సగం ఏ పొయ్యి మీద ఉడికింది?

ఈ లెక్కలు వేసేవాళ్లకి మన వంట తెలియదు. నాట్లేసి బురదతో వచ్చిన మనిషికి వేడినీళ్లు కావాలి. నలుగురికి నాలుగు బిందెలు గ్యాసు మీద కాగబెడితే సిలిండరు ఎన్నాళ్లొస్తుంది? ఆదివారం పెద్దకూర ఉడకడానికి ఎంతసేపు పడుద్దో ఏ అగ్రహారం ఆఫీసరుకి తెలుసు? పప్పు, సాంబారు వండుకునే ఇంటిని చూసి ఏడాదికి ఇన్ని సిలిండర్లు చాలని లెక్క కట్టారు. అదీ గాక ముందు మొత్తం డబ్బు మనమే కట్టాలి, తర్వాత ఖాతాలో వేస్తామంటారు. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో సిలిండరు 905 రూపాయలు. మా దగ్గర ఆడకూలీకి అది మూడు దినాల పని. తర్వాత వచ్చే డబ్బు ఇవాళ సిలిండరు మొయ్యదు. ఖాతాలో పడిందో, బ్యాంకువాడు పాత బాకీ కింద కోసుకున్నాడో చూసుకోడానికి ఇంకో రోజు కూలి పోవాలి.

ఇక్కడ ఒక వాదన వస్తుంది, దానికి జవాబు చెప్పకుండా పోలేం. పర్యావరణం పెద్దమనుషులు కొందరు మన సభలకొచ్చి, మీ తాతల మట్టి గోడలూ తాటాకు కప్పూ ఎంత చల్లగా ఉండేవో, సిమెంటు మోజులో పోగొట్టుకున్నారు అని చెప్తుంటారు. అయ్యా, గుడిసె చల్లన అని మాకు మీరు చెప్పాలా? అందులో పుట్టినోళ్లం. గుడిసె వానకి కారుద్ది, పాము దిగుద్ది, చుట్ట నిప్పుకి ఊరూరూ తగలబడుద్ది. చుట్ట నిప్పు ఒక్కటే కాదు. 1968 డిసెంబర్ 25న తంజావూరు జిల్లా కీళవెణ్మణిలో కూలి పెంచమన్నందుకు 44 మందిని ఒక గుడిసెలో పెట్టి కాల్చేశారు. మన ఆంధ్రలో కూలి కోసమో, ఓటు కోసమో, చెరువు నీళ్ల కోసమో గొడవైన రోజు రాత్రి ముందు నిప్పు పడేది తాటాకు మీదే. స్లాబు మాకు మోజు కాదు. అగ్గిపుల్లకి అంటుకోని కప్పు కావాలని మా నాయినలు కొట్లాడి తెచ్చుకున్నారు. 1985 జులైలో కారంచేడు నుంచి పారిపోయి చీరాల చేరినవాళ్లు తిరిగి ఆ ఊరికి పోమని భీష్మించి చీరాలలోనే కాలనీ కట్టుకున్నారు. ఆ ఇళ్ల గోడలు సిమెంటు సంచుల లెక్కలోకి రావు.

కాబట్టి మట్టిల్లు పర్యావరణానికి మంచిదైతే ముందు బంజారాహిల్స్‌లో కట్టుకుని ఉండి చూపించండి. ప్రయోగాలు మా మీద వద్దు. మేం అడిగేది స్లాబే. కాలని స్లాబు.

అది సాధ్యమే. కేరళలో లారీ బేకర్ అనే ఇంగ్లీషాయన 2007లో చనిపోయేదాకా ఇదే పని చేశాడు. స్లాబులో కింది భాగం కాంక్రీటు పెద్దగా బరువు మొయ్యదు కాబట్టి అక్కడక్కడ పెంకులు పెట్టి పోశాడు. సిమెంటు తగ్గుద్ది, ఇనుము తగ్గుద్ది, పెంకుల మధ్య గాలి ఉంటది కాబట్టి వేడి దిగడమూ తగ్గుద్ది. ఇటుకని నిలువుగా పేర్చి మధ్యలో బోలు వదిలి గోడ కట్టాడు. ఇటుకలు పావు వంతు మిగిలాయి, గోడ చల్లబడింది. ఈ పని మన తాపీ మేస్త్రీలకి చూపిస్తే వారంలో నేర్చుకుంటారు. హైదరాబాద్‌లో అంతస్తుల మీద అంతస్తులు లేపిందే పాలమూరు కూలీ. ఎవరి ఇల్లు ఎలా చల్లబడుద్దో ఆ చేతులకి తెలుసు. తన ఇంటి దగ్గరికి వచ్చేసరికి నాలుగున్నర అంగుళాల స్లాబూ, సన్‌షేడ్ లేని కిటికీ, పడమటి ఎండకి ఎదురుగా పడకగదీ. నమూనా గీసినవాడు ఆయన్ని అడగలేదు కాబట్టి.

ఇప్పుడు మన డబ్బు మాట. 2013 ఎస్సీ ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం ఎలా వచ్చిందో ఈ పత్రిక చదివేవాళ్లకి మేం చెప్పనక్కర్లేదు. మన జనాభా నిష్పత్తిలో డబ్బు మనకే ఖర్చుపెట్టాలి. ఆ ఏడాదే ఎస్సీ ఎస్టీ ఇళ్లకి 50 యూనిట్ల కరెంటు ఉచితం అన్నారు, ఆ డబ్బు సబ్‌ప్లాన్ నుంచే. తెలంగాణలో 2017లో 101 యూనిట్లకి పెంచారు. ఆంధ్రలో 2019లో 200 అన్నారు, అదీ ఎస్సీ కాలనీలో, తండాలో ఉండేవాళ్లకి అన్న మెలికతో. ఊళ్లో అద్దెకున్న మాదిగ మనిషికి ఎండ తగలదని కాబోలు.

ఉచిత కరెంటు వద్దని మేం అనట్లేదు. ఎవరైనా తీసేస్తామంటే ముందు మేమే రోడ్డెక్కుతాం. మేం చూపిస్తున్నది ఆ డబ్బు పోయే దారి. ఇల్లు కాలేట్టు కట్టారు. కాలుతుంది కాబట్టి ఫాను ఆగదు. ఆగదు కాబట్టి యూనిట్లు తిరుగుతాయి. ఆ యూనిట్లకి మన పేరు రాసి మన సబ్‌ప్లాన్ డబ్బు కరెంటు కంపెనీకి కడతారు, ప్రతి ఏడాదీ కడతారు. కడితే కాలనీలో ఒక ఇటుక పెరగదు, ఒక చెట్టు లేవదు. అసెంబ్లీలో మాత్రం దళితుల కోసం ఇన్ని కోట్లు ఖర్చుపెట్టాం అని చదువుతారు. అదే డబ్బులో కొంత ఒక్కసారి కప్పుల మీద పెడితే? పాత 75 వాట్ల ఫాను తీసి 30 వాట్ల కొత్తరకం ఫాను ఇస్తే? రెండు ఫాన్లకి నెలకి 108 యూనిట్లు కాలేది 43కి దిగుద్ది. నల్లగొండ అక్క మే నెలలో రెండొందలు దాటదు. బిల్లు రాదు. సర్కారుకీ సబ్సిడీ మిగులుద్ది. ఇంత తేలిక లెక్క సచివాలయంలో ఎవరికీ రాదా? వస్తుంది. ఫాను పంచితే, సున్నం కొడితే కాంట్రాక్టరుకి మిగిలేది తక్కువ.

ఆంధ్రలో ఎస్సీ ఎస్టీ ఇళ్ల మీద రెండు కిలోవాట్ల సోలార్ పలకలు ఉచితంగా పెడతామని 2025లో ప్రకటించారు. పలక నీడ పడితే కప్పు చల్లబడుద్ది, ఆ మేరకి మంచిదే. కానీ కొన్ని ప్రశ్నలున్నాయి. రెండు కిలోవాట్లకి దాదాపు 200 చదరపు అడుగుల కప్పు కావాలి. 340 అడుగుల ఇంటి మీద మిరపకాయలు ఎక్కడ ఎండబెట్టాలి, ఎండాకాలం రాత్రి ఎక్కడ పడుకోవాలి? మిగిలిన కరెంటు డబ్బు ఎవరికి? పలక పాడైతే బాగుచేసేది ఎవరు? అది పాడైననాడు పాత 200 యూనిట్ల ఉచితం తిరిగి వస్తుందా? కారే స్లాబు మీద బోల్టులు దిగ్గొడితే వానాకాలం సంగతేంటి? సంతకం పెట్టేముందు ఇవన్నీ అడగండి. అడిగినందుకు పథకానికి వ్యతిరేకులు అంటారు, అననివ్వండి.

పాత కాలనీల గోడు ఇంకా ఎక్కువ. 1980ల్లో, 90ల్లో పోసిన స్లాబులు ఇప్పుడు పెచ్చులూడుతున్నాయి, ఇనుము తుప్పు పట్టి బయటికొస్తోంది. కొత్త ఇంటికి శంకుస్థాపన ఉంటది, ఫొటో ఉంటది. పాత ఇంటి బాగుచేతకి ఏముంటది? మేం తిరిగిన కాలనీల్లో ఒక్కచోట కూడా మరమ్మతుకి పైసా వచ్చిందని చెప్పినవాళ్లు లేరు. కారుతుంటే పైన సిమెంటు రేకులు కప్పుకుంటున్నారు. ఆ రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటది, దాని పొడి ఊపిరితిత్తులకి క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో తేల్చింది. వాటిని కొయ్యొద్దు, పొడి చీపురుతో రుద్దొద్దు. పని చెయ్యక తప్పకపోతే నీళ్లు చల్లి తడిపి చెయ్యండి.

సర్కారు వచ్చేదాకా కూచోవాల్సిన పని లేదు కాబట్టి ఇది కూడా రాస్తున్నాం. స్లాబు పగుళ్లు ముందు పూడ్చుకోవాలి. కడిగి ఆరబెట్టాలి. మంచి సున్నం రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడగట్టి, అంటుకోడానికి ఫెవికాల్ లాంటి జిగురు కలిపి, ఎండ దిగాక బ్రష్షుతో పల్చగా రెండు మూడు పూతలు వెయ్యాలి, ఒకటి ఆరాక ఒకటి. కళ్లలో పడకుండా చూసుకోవాలి. వానాకాలం పోయాక చాలావరకు కొట్టుకుపోద్ది, మార్చిలో మళ్లీ వెయ్యాలి. పల్నాడు పెద్దమ్మ ఇంటికి మేం ఆరుగురం కలిసి వేశాం. మరుసటి రాత్రి ఇంట్లో పడుకుందా అంటే, లేదు, మంచం గుమ్మం దాకా జరిపింది. "గోడ ఇంకా కాలతంది నాయనా" అంది. పడమటి గోడకి నీడ లేదు, అక్కడ కానుగ మొక్క పెట్టొచ్చాం. అది పెరిగేదాకా తడికె కట్టింది.

సంఘాలు చెయ్యాల్సింది ఒకటుంది. గ్రామసభ పెట్టినప్పుడు ఇల్లు కావాలి అని మాత్రమే రాసివ్వకండి. కప్పు మీద తెల్ల పూత ఎస్టిమేట్‌లో చేర్చాలని రాయండి. వంటగదికి పొగగొట్టం, వాకిట్లో కట్టెల పొయ్యికి కప్పున్న చోటు అడగండి. 600 గజాల గీత తీసేసి ప్రభుత్వ సాయంతో కట్టే ప్రతి ఇంటికీ కూల్ రూఫ్ వర్తింపజెయ్యాలని రాయండి. 200 దాటితే దాటిన యూనిట్లకే బిల్లెయ్యాలి. సిలిండరు సబ్సిడీ ముందే తగ్గించి ఇవ్వాలి. పాత కాలనీల మరమ్మతుకి సబ్‌ప్లాన్‌లో వేరే పద్దు పెట్టి, ఆ పని కాలనీ మేస్త్రీలకీ కుర్రాళ్లకీ ఇవ్వాలి. తీర్మానం పుస్తకంలో ఎక్కేదాకా అక్కణ్ణుంచి లేవొద్దు, నకలు తీసుకోండి.

మాకు మీ దగ్గర్నుంచి ఒక పని కావాలి. ప్రతి కాలనీలో పది ఇళ్లు తీసుకుని మార్చి, ఏప్రిల్, మే కరెంటు బిల్లుల యూనిట్లు, ఆ మూడు నెలల్లో నింపిన సిలిండర్లు, కట్టెలకి పోయిన రోజులు, ఇల్లు ఏ ఏడాది కట్టింది, కప్పు ఏంటి, ఇంత మాత్రం ఒక కాగితం మీద రాసి జూన్ 15 లోపల పంపండి. ఇంటివాళ్ల పేర్లు అక్కర్లేదు. వచ్చిన వాటన్నిటినీ ఊరివారీగా జులై మొదటి సంచికలో వేస్తాం, ఆ సంచిక తీసుకుని రెండు రాష్ట్రాల గృహనిర్మాణ శాఖల ఆఫీసులకీ పోతాం.